మూసిన రిజిస్టరు

గోదావరిఖనిలో ఒకప్పుడు క్షయ నిర్మూలన కార్యక్రమానికి ల్యాబ్ క్వాలిటీ స్పెషలిస్టు అవసరం పడిందట. సింగరేణి బావుల ఊరది. ఏళ్ల తరబడి రాతిపొడి పీల్చిన ఊపిరితిత్తులకు క్షయ తొందరగా అంటుకుంటుంది. దగ్గుతో వచ్చినవాడికి జబ్బు ఉన్నదీ లేనిదీ ల్యాబే తేల్చాలి. ఆ ల్యాబు సరిగ్గా తేలుస్తోందా లేదా చూసే మనిషి కోసం ముగ్గురు కూర్చున్నారు: ఒక పెద్ద డాక్టరు, సామాన్లు మంజూరు చేసే ఆఫీసరు, కార్మికుల తరఫున రిటైరైన మైనింగ్ సర్దార్.

అభ్యర్థులూ ముగ్గురే. డాక్టరు అందరికీ అవే 5 తెమడ స్లైడ్లు, వాటి ఫలితాలు రాసిన రిజిస్టరు ఇచ్చి, మళ్లీ చూసి చెప్పమన్నాడు. రిజిస్టరులో ఒక ఫలితాన్ని ఆయన కావాలనే మార్చిపెట్టాడు.

మొదటాయన మోయలేనంత సర్టిఫికెట్ల ఫైలుతో వచ్చాడు. రిజిస్టరులో ఒక వరస చదవడం, మైక్రోస్కోపులో ఓసారి చూడడం, టిక్కు పెట్టడం. పావుగంటలో అన్నీ సరేనన్నాడు. రెండో ఆయన పట్నంలో పెద్ద ల్యాబులో చేసినవాడు. ఆయనా అన్నీ సరేనని, కొట్టివేతల పక్కన సంతకాలు లేవని మాత్రం ఎత్తిచూపాడు.

మూడో అభ్యర్థి ఒక అమ్మాయి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో టెక్నీషియన్. "సార్, ఆ రిజిస్టరు మూసి మీ దగ్గరనే పెట్టుకోండి. అండ్ల ఉన్నది చదివితే నాకు గదే కనబడుతది" అంది. ఒక్కో స్లైడు మీద నూనెచుక్క వేసి 100 ఫీల్డులు చూసింది. గంట దాటింది. ఆఫీసరు గడియారం చూసుకున్నాడు.

రిజిస్టరు తెరిచారు. "రెండు కలుస్తలేవు సార్. రెండో స్లైడుకు నెగెటివ్ అని ఉన్నది. 100 ఫీల్డులల్ల 6 క్రిములు కనబడ్డయి, స్కాంటీ అని రాయాలె. నాలుగోదానికి పాజిటివ్ అని ఉన్నది. అవి క్రిములు కావు, రంగు పలుకులు."

డాక్టరు ఉలిక్కిపడ్డాడు. ఆయన మార్చింది రెండోది ఒక్కటే! నాలుగోదాన్ని ఇప్పుడు తానే చూశాడు. అమ్మాయి మాటే నిజం. ఆ స్లైడు తాలూకు మనిషి లేని జబ్బుకు 6 నెలలు మందులు మింగేవాడు.

"ఆ స్లైడు చూసిన టెక్నీషియన్‌కు మెమో ఇద్దాం" అన్నాడు ఆఫీసరు.

"ముందు రంగుసీసా చూద్దాం సార్" అంది అమ్మాయి.

కార్బల్ ఫుక్సిన్ సీసా వంచితే అడుగున ఎర్రటి మడ్డి. వడకట్టుకోవడానికి ఫిల్టర్ పేపరు లేదు. అది కావాలని ఆ టెక్నీషియన్ పెట్టిన ఇండెంట్లు సంతకం కాకుండా ఆఫీసరు బల్ల మీదే ఉన్నాయి.

ఆఫీసరు ముఖం మాడింది. "ఈ పిల్ల రేపు మనకే మెమో ఇస్తుంది. రెండో ఆయన్ను తీసుకుందాం" అని డాక్టరు చెవిలో గొణిగాడు.

సర్దార్ చెవిన పడనే పడింది. "సార్, ముందటి షిఫ్టు సర్దార్ బుక్కుల గ్యాస్ లేదని రాసిపోతడు. అయినా నేను సేఫ్టీ ల్యాంప్ పట్టుకపోయి, వత్తి తగ్గించి, పైకప్పు కాడ పెట్టి, మంట మీద నీలిరంగు లేస్తున్నదా అని చూసినంకనే మనుషులను పనికి పంపేటోణ్ణి. గ్యాస్ 1.25 శాతం ఉన్నదంటే అందరినీ బయటికి తియ్యాలె. పని ఆగితే మేనేజరుకు కోపమొస్తదని ఊకుంటే మేం ఇండ్లకు వచ్చేటోళ్లమా?"

కొలువు అమ్మాయికే దక్కింది. చేరిన రోజే ఆమె ఫిల్టర్ పేపరు ఇండెంటు మీద సంతకం పెట్టించుకుంది.

నీతి: తనిఖీ చేసేవాడు జవాబు చూసి లెక్క చేయకూడదు. క్షయ కార్యక్రమంలో ఒకరు చూసిన స్లైడ్లను, మొదటి ఫలితం తెలియనివ్వకుండా మరొకరితో చూపించే పద్ధతి పెట్టింది ఇందుకే. తనిఖీ చేసే మనిషిని ఎంచుకునేవాళ్లు కూడా ఆ తనిఖీ తమ బల్ల దాకా వస్తుందని ముందే ఒప్పుకోవాలి. తప్పు కిందివాడి దగ్గర దొరికితే మెచ్చుకొని, తమ దగ్గర దొరికితే నొచ్చుకునేవాళ్లకు క్వాలిటీ స్పెషలిస్టు ఎందుకు? రబ్బరు స్టాంపు చాలు.