పొద్దు గుంకకముందే



డాక్టరుగారు షుగరు రిపోర్టు చూసి నడవమన్న నాటినుండి, ఆఫీసు వదలగానే నేను హైదరాబాదులోని కె.బి.ఆర్. పార్కుకు వెళుతున్నాను. 1998లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన ఈ చిన్న అడవి సుమారు 390 ఎకరాలు. బయట ఎంత రద్దీ ఉన్నా లోపల మట్టి దారి, బండరాళ్లు, వేపచెట్లు, సీతాఫలం పొదలు. ఏ మలుపులో ఏ రాయి ఉందో నా కాళ్లకు తెలుసు. విదేశీ క్యాలెండరు బొమ్మల్లో కనిపించే ఎర్రటి ఆకుల శరత్తు మనకు లేదు. నవంబరులో ఇక్కడ గడ్డి పండిపోతుంది, గాలి చల్లబడుతుంది, సాయంత్రం నెమళ్లు చెట్లెక్కి కూర్చుంటాయి. పొద్దు మాత్రం తొందరగా గుంకుతుంది. జూన్‌లో ఏడు దాకా ఉండే వెలుతురు ఇప్పుడు ఆరు కాకుండానే పోతుంది.

మొన్న అలా నడుస్తున్నాను కాని, నిజానికి మా అన్నయ్యతో పోట్లాడుతున్నాను. అమ్మ పోయాక ఊళ్లో ఇల్లు అమ్మారు. ఎంత వచ్చిందో, ఎవరికెంతో నాకు సరిగా చెప్పలేదు. నేనూ గౌరవంగా అడగలేదు. నవంబరు 2న సమాధుల పండుగకు ఊరు వెళ్లాను. ఒకే సమాధికి అటు ఆయన, ఇటు నేను కొవ్వొత్తులు వెలిగించాం. గురువుగారు తీర్థజలం చల్లి వెళ్లేదాకా ఒకరి ముఖం ఒకరం చూడలేదు. అమ్మ పేరున జపం చెప్పాను, ఏం చెప్పానో నాకే తెలియదు.

పార్కులో పడమటివైపు బండ మీద ఎండ తగ్గుతుంటే పునీత పౌలుగారి మాట గుర్తుకు వచ్చింది. ఎఫెసీయులకు వ్రాసిన లేఖ 4వ అధ్యాయం 26వ వచనం తెరిచి చూడండి. కోపమే రాకూడదని ఆయన అనలేదు. సూర్యుడు అస్తమించేదాకా దాన్ని ఉంచుకోవద్దన్నారు. యూదులకు సూర్యాస్తమయంతోనే మరో దినం మొదలవుతుంది. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయంలో కూలివాని కూలి కూడా పొద్దు గుంకకముందే ఇచ్చివేయాలని ఉంది. పౌలుగారు ధర్మశాస్త్రం చదివిన మనిషి. ఆ గడువు ఆయనకు కొత్తది కాదు. కాబట్టి కోపం విడవడమంటే న్యాయమైన లెక్క వదులుకోవడమని నేను అనుకోను. ఇవ్వవలసినది ఇవ్వాలి, అడగవలసినది అడగాలి. మరొక మాట. ఇంట్లో దెబ్బలు తింటున్న చెల్లెలికి ఈ వచనం చూపించి సర్దుకుపొమ్మనేవాళ్లను చూశాను. అది పౌలుగారి మాటను వంకరగా వాడటమే.

కాని నా సంగతి అలాంటిది కాదు. పదకొండు నెలలుగా నేను పెంచుకున్నది లెక్క కాదు, పౌరుషం. సువార్తలో యేసుప్రభువు కానుక తెచ్చినవానిని బలిపీఠం దగ్గరే ఆపి, ముందు సోదరుని దగ్గరకు పొమ్మన్నారు. ఆ వెంటనే, విరోధితో దారిలో ఉండగానే సమాధానపడమన్నారు. దారిలో ఉండగానే! మీరు కూడా ఏ కాలువగట్టునో, ఏ చెరువు చుట్టో సాయంత్రం నడిచేవారైతే, మీ పక్కన కనబడకుండా నడుస్తూ మీతో వాదిస్తున్నది ఎవరో ఒకసారి చూసుకోండి. నాకు మాత్రం ఆ రోజు అన్నయ్య చెప్పుల చప్పుడు కూడా వినిపించినట్లయింది.

కాపలా మనిషి ఈల వేశాడు. అందరం గేటు వైపు నడిచాం. బయట ఫుట్‌పాత్ మీద నిలబడి ఫోను తీశాను. రెండుసార్లు జేబులో పెట్టేసి మూడోసారి చేశాను. వదిన ఎత్తింది.

"ఏమయ్యా, ఇన్నాళ్లకు గుర్తొచ్చామా? తిన్నావా? ఉండు, మీ అన్నయ్యకు ఇస్తాను."

ఆయన "చెప్పరా" అన్నారు. నేను అనుకున్న మాటలేవీ రాలేదు. "అన్నయ్యా, సమాధి దగ్గర పలకరించకుండా వచ్చేశాను, తప్పు నాది" అన్నాను. కాసేపు బస్సుల హారన్లే వినిపించాయి. "నేను మాత్రం పలకరించానా?" అన్నారు.

ఇంటి డబ్బు లెక్క ఇంకా తేలలేదు. కాగితాలు తీసుకుని వచ్చే నెల వస్తానన్నారు. డిసెంబరులో అమ్మ సంవత్సరీకం పూజకు మా ఇద్దరి పేరునా ఒకే కానుక ఇవ్వాలని అనుకున్నాం. కవరు మీద ఆయన పేరే ముందు వ్రాయమని వదినతో చెప్పాను.