పొదుపు ఎవరి కంచంలోంచి?

ఐదు రొట్టెలు, రెండు చేపలతో 5,000 మంది పురుషుల ఆకలి తీరిన తరువాత, మిగిలిన ముక్కలు వ్యర్థం కాకుండా పోగుచేయమని ప్రభువు శిష్యులకు చెప్పారు. 12 గంపలు నిండాయి (యోహాను 6). ముందు అందరూ తృప్తిగా తిన్నారు. ఆ తరువాతే పొదుపు.

మన ఇళ్ళలో ఈ వరుస తారుమారవుతోంది. ఖర్చు తగ్గించాలనుకోగానే పిల్లల పాలు పల్చబడతాయి. తాతగారి మందులు రోజు విడిచి రోజు అవుతాయి. పనిమనిషి జీతం పెంపు వాయిదా పడుతుంది. అందరూ తిన్నాక తల్లి అడుగు మెతుకులతో సరిపెట్టుకుంటుంది. అప్పు చేసి జరిపే విందుల ఆర్భాటం మాత్రం తగ్గదు. ఇది పొదుపు కాదు, అడగలేనివారి నోటి దగ్గర కూడు లాక్కోవడం.

పోపు ఫ్రాన్సిస్ గారు 2015లో వెలువరించిన 'లౌదాతో సీ' విశ్వలేఖలో, తినగలిగినంతే వండడం, అవసరం లేని దీపాలు ఆర్పడం వంటి చిన్న పనులను కూడా గొప్పగా ఎంచారు. అక్కడ మొదలుపెడదాం.

ప్రియ తల్లిదండ్రులారా, ఈ నెల పద్దు ఇంటిల్లిపాదీ కూర్చుని రాయండి. తిండి, మందులు, చదువు, పనివారి జీతం, పేదవాని భాగం ముందు రాయండి. కోత ఆ గీత కిందనే వేయండి. ఆ మిగులే ప్రభువు మెచ్చే గంప.