వడ్డించేవాడు మనవాడైతే

"ముందు మాదిరి లేదు" అన్న మాట వినపడని రోజు మా తిరుపతిలో ఉండదు. లడ్డూ ముందు మాదిరి లేదు. గాంధీ రోడ్డులో ఇడ్లీ ముందు మాదిరి లేదు. సత్రం గదులూ, పెళ్ళి భోజనాలూ, చివరికి వానలూ ముందు మాదిరి లేవు. యాత్రికుల మీద బ్రతికే ఊరు కదా, మర్యాద తగ్గిందా పెరిగిందా అన్నది మాకు కబుర్లలో కబురు కాదు, జీవనాధారం! అందుకని ఆ మాటను నేను పెడచెవిని పెట్టను. కానీ ఎవరన్నా అది అనగానే ఒక ప్రశ్న నాలుక చివరిదాకా వస్తుంది: ముందు ఉన్నది ఎవరికి?

మొన్న మా వీధిలో ఒకావిడ ఓడ ప్రయాణం చేసి వచ్చింది. కొడుకు సింగపూరులో ఉద్యోగం. అమ్మానాన్నలను పిలిపించుకుని నాలుగు రాత్రుల విహార నౌక ఎక్కించాడు. ఆవిడ వచ్చిన సాయంత్రం వీధిలో సగం మందిమి ఆ ఇంటి వసారాలోనే ఉన్నాం. సముద్రం ఎట్లుందీ, కడుపులో తిప్పిందా, చీరలేనా చుడీదార్లా... అన్నీ అయ్యాక తిండి సంగతి వచ్చింది.

"ఏం చెప్పేది ఒదినా! పేరు గొప్ప. ముందు మాదిరి లేదంట. తిండీ పడిపోయిందంట, చూసుకోవడమూ పడిపోయిందంట."

ఆ "అంట" దగ్గర ఆగాన్నేను. ఆవిడ ఓడ ఎక్కడం ఇదే మొదలు. పక్క బల్ల మీద కూర్చున్నవాళ్ళు, ఆరోసారో ఏడోసారో వచ్చినవాళ్ళు, సణుక్కుంటూ ఉంటే విని, ఆ అసంతృప్తిని అరువు తెచ్చుకుంది. కొత్త నగ పెట్టుకున్న రోజే "పాత బంగారం పాత బంగారమే" అని పక్కింటివాళ్ళంటే మన మెడ వెలవెలబోదూ? అట్లాగన్నమాట.

వాళ్ళాయన మాత్రం స్వయంగానే విసుక్కున్నాడు. సాంబారు సాంబారు కాదట, కాఫీ కాఫీ కాదట. అందరూ లేచి వెళ్ళాక ఆవిడ నాతో మెల్లిగా చెప్పిన మాట వేరు. "నిజం చెప్పేదా ఒదినా? నాలుగు దినాలు పొద్దున లేస్తానే టిఫినేమి అని ఎవురూ అడగలేదు. నా ప్లేటు ఇంకొకరు తీసినారు. నాకు ఎట్లున్నా బాగానే ఉండింది."

అయితే పక్క బల్లవాళ్ళ సణుగుడు ఉత్తదేమీ కాదు. ఓడల్లో కొంత నిజంగానే తగ్గింది. అర్ధరాత్రి వేళ మంచుబొమ్మల మధ్య విందు పరచడం ఒకప్పుడు ఈ ఓడల గొప్ప. ఇప్పుడది చాలా ఓడల్లో కనపడదు. గదులు రోజుకు రెండుసార్లు సర్దే ఆనవాయితీని కొన్ని పెద్ద కంపెనీలు ఒకసారికి దింపాయి. మంచి భోజనం కావాలంటే విడిగా డబ్బు కట్టి వెళ్ళే ప్రత్యేక హోటళ్ళు ఓడలోనే వెలిశాయి. టిక్కెట్టులో అన్నీ ఉన్నాయంటారు, తీరా ఎక్కాక కాఫీకో రేటు, కూల్‌డ్రింకుకో రేటు. 2020 మార్చిలో ఓడలన్నీ రేవుల్లో నిలిచిపోయినప్పుడు పెద్ద కంపెనీలు వేల కోట్ల డాలర్ల అప్పులు చేశాయి. ఆ అప్పుకు వడ్డీ ఎక్కడినుంచి రావాలి? కొంత టిక్కెట్టులోంచి, కొంత మన పళ్ళెంలోంచి.

అదీగాక ఓడలు ఊళ్ళంత అయ్యాయి. 2024 జనవరిలో మొదటిసారి బయలుదేరిన 'ఐకాన్ ఆఫ్ ది సీస్' లో 7,600 మంది ప్రయాణికుల వరకూ పడతారు. వంట చేసే ఏ ఆడదానికైనా దీని అర్థం చెప్పక్కర్లేదు. నలుగురికి పెట్టిన చారు వేరు, నలభై మందికి కాచిన చారు వేరు. తిరగమోత వాసన నలభై మందికి సాగదు. ఉప్పు గరిటతో వేసే చోట చేతి కొలత పనిచేయదు. వేడి వేడిగా వేయాల్సిన దోసె వందమందికి ఒకేసారి కావాలంటే అది దోసె ఆకారంలో ఉన్న అట్ట. ఇందులో ఎవరి దుర్బుద్ధీ లేదు. చాలామందికి చేయడమంటేనే కొంత రుచి వదులుకోవడం.

వదులుకుని ఏం సంపాదించాం అన్నదే అడగాల్సిన ప్రశ్న. కొండ మీద అన్నదానం చూడండి. 1985 ఏప్రిల్ 6న ఎన్.టి. రామారావుగారు దాన్ని ప్రారంభించినప్పుడు రోజుకు రెండువేల మందికి. ఇప్పుడు రోజూ వేలాది మంది, పదివేల లెక్కన. తరిగొండ వెంగమాంబ పేరు పెట్టిన ఆ భోజనశాలలో ఒక్కో హాలులో వెయ్యిమంది ఒకేసారి కూర్చుంటారు. మా ప్రాంతపు తరిగొండలో పుట్టిన వెంగమ్మ కొండ మీద ఉండి యాత్రికులకు అన్నం పెట్టించిన మనిషి. అక్కడ నా పక్కన కూర్చున్నది కలెక్టరు భార్య కావచ్చు, కాలినడకన వచ్చిన కూలీ కావచ్చు. సాంబారు అందరికీ ఒక్కటే. అది మా అమ్మ చేసిన సాంబారు కాదని తెలుసు. అయినా ఆ పంక్తిలో "ముందు మాదిరి లేదు" అనడానికి నాకు నోరు రాదు.

ఇక్కడ ఒకటి విడదీసి చెప్పాలి, లేకపోతే లడ్డూ సంగతి ఎందుకు ఎత్తలేదంటారు. 2024 సెప్టెంబరులో లడ్డూకు వాడిన నెయ్యి మీద ఆరోపణలు వచ్చాయి, అక్టోబరులో సుప్రీంకోర్టు ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. కల్తీ నేరం. దానికి కోర్టులున్నాయి. నేను మాట్లాడుతున్నది కోర్టుకెక్కని తగ్గుదల గురించి, జనం పెరిగి రుచి పలచబడడం గురించి. రెంటినీ ఒక గాట కట్టకూడదు.

మళ్ళీ ఓడ దగ్గరికి వస్తాను. మా వీధి ఆవిడ సింగపూరుకు విమానంలో వెళ్ళి అక్కడ ఓడ ఎక్కింది. 1973 దాకా మద్రాసు నుంచే సింగపూరుకు ఓడ ఉండేది. రజులా అని, 1926లో కట్టింది. నాగపట్నం, పెనాంగుల మీదుగా పోయేది. ఆ ఓడలో పై తరగతివాళ్ళకు కేబిన్లు, తెల్లగుడ్డ పరిచిన బల్లలు. కింద డెక్కు మీద చాపా దిండూ పరుచుకుని పడుకునేవాళ్ళు ఎంతమంది అనుకున్నారు? ఒక దశలో ఐదువేల మందికి పైగా డెక్కు ప్రయాణికులను ఎక్కించుకోవడానికి దానికి అనుమతి ఉండేది! ఇప్పటి ఊరంత ఓడలో పట్టే జనాన్ని అంత చిన్న ఓడ మీద సర్దారన్నమాట. "అప్పట్లో ఓడ ప్రయాణమంటే ఎంత దర్జా" అని రాసిపెట్టినవాళ్ళు తెల్లగుడ్డ బల్లల దగ్గర కూర్చున్నవాళ్ళు. చాపమీద పడుకున్నవాళ్ళు తమ తిండి గురించి ఏమనుకున్నారో పుస్తకాలకెక్కడం అరుదు.

ఇంకా వెనక్కి పోతే 1860 అక్టోబరులో మద్రాసు నుంచి 'ట్రూరో' అనే ఓడ 342 మంది మన కూలీలతో బయలుదేరి నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బను చేరింది. ఆ తరువాత 1911 దాకా అట్లా పోయినవాళ్ళు లక్షన్నరకు పైనే. ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి ఎంతోమంది వెళ్ళారు. అప్పటికి మా చిత్తూరు ఆ జిల్లాలోదే. మన జిల్లా ఆడవాళ్ళు మొట్టమొదట ఓడ ఎక్కింది విహారానికి కాదు. వాళ్ళ మునిమనవరాళ్ళ వయసు ఆడది ఈరోజు ఓడలో కూర్చుని "సాంబారు బాగలేదు" అనగలుగుతోంది అంటే నాకు లోలోపల సంతోషమే. అననివ్వండి. ఎంతకాలానికి ఆ హక్కు వచ్చింది!

డబ్బు కట్టినవాళ్ళు అడగవచ్చు, అడగాలి. ఆడవాళ్ళం మరీ అడగాలి. చల్లారిన కూరను "ఏదోలే, సర్దుకుందాం" అని మింగడం మనకు పుట్టుకతో నేర్పిన విద్య. దాన్ని డబ్బు కట్టిన చోట కూడా ప్రదర్శించనక్కర్లేదు. ఎటొచ్చీ, ఎవరిని అడుగుతున్నాం? అప్పు చేసినవాడు, గది సర్దడం ఒక పూటకు తగ్గించినవాడు, కాఫీకి విడిగా రేటు కట్టినవాడు మయామీలోనో లండనులోనో కూర్చుని ఉంటాడు. మన ఎదుట నిలబడేది ట్రే పట్టుకున్న అబ్బాయి. కసురుకున్నది వాడినే.

ఆ సాయంత్రం వసారాలో ఇంకొక తల్లి కూడా ఉంది. ఆవిడ కొడుకు హోటల్ మేనేజిమెంటు చదువుకుని వేరే ఏదో ఓడలో గదులు సర్దే ఉద్యోగంలో ఉన్నాడు. తొమ్మిది నెలల ఒప్పందం. ఇంతసేపూ పలకకుండా వింటున్న ఆవిడ, సాంబారు సంగతి అయిపోయాక, ఒక్కటే అడిగింది.

"ఆడుండే పిల్లకాయలు ఎట్లుండారు మా? సన్నబడినారా? నిద్దర పోతారా వాళ్ళు?"

ఓడ ఎక్కివచ్చినావిడ బిత్తరపోయింది. గది సర్దిన అబ్బాయి ముఖం గుర్తు తెచ్చుకోబోయింది. దుప్పటితో ఏనుగుబొమ్మ చేసి మంచం మీద పెట్టేవాడట, అది గుర్తుంది. వాడు సన్నగా ఉన్నాడో లావుగా ఉన్నాడో చెప్పలేకపోయింది.

ఆ తల్లి అడిగిన నిద్రకు ఒక చట్టం ఉంది. ఓడ పనివాళ్ళ కోసం 2006లో అంతర్జాతీయ ఒడంబడిక కుదిరింది, 2015లో మన దేశమూ చేరింది. విశ్రాంతి లెక్కన అది చెప్పేది రోజులో కనీసం 10 గంటలు, వారంలో కనీసం 77 గంటలు. వారానికి 168 గంటలు కదా, మిగిలిన తీసివేత మీరే వేసుకోండి. ఆదివారమంటూ సెలవు దొరకడం ఓడ మీద అపురూపం. అంతటి పనికి జీతంలో ఎంతో కొంత భాగం మన బక్షీసు మీద వదిలేశారు. పెద్ద కంపెనీలు మనిషికి రోజుకు పదహారు, పద్దెనిమిది డాలర్లు, ఇంకా ఎక్కువ కూడా బక్షీసు పేరుతో బిల్లులోనే వేస్తున్నాయి. కోపం వచ్చిన ప్రయాణికులు కౌంటరుకు వెళ్ళి దాన్ని కొట్టేయించుకుంటారు. కంపెనీ గదులు సర్దడం తగ్గించినందుకు శిక్ష గదులు సర్దేవాడికి! దీన్ని న్యాయమని ఏ నోటితో అనాలో నాకు తెలియడం లేదు.

"వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఒకటే" అని మనకు సామెత. లోకజ్ఞానం ఉన్నవాళ్ళు పుట్టించిన సామెతే గానీ, అది మొత్తం తినేవాడి వైపు నుంచి పుట్టింది. వడ్డించేవాడు మనవాడైతే మనకు రెండు గారెలు ఎక్కువ పడతాయి, అంతవరకే దాని ఆలోచన. వాడు ఎప్పుడు తిన్నాడు, ఏ పంక్తిలో తిన్నాడు అన్నది సామెత అడగదు. మా వీధిలో ఆ తల్లి అడిగింది.

ఓడ దిగే ముందు అభిప్రాయం చెప్పమంటారు. భోజనానికి ఎన్ని మార్కులు, గదికి ఎన్ని, మనుషుల నడవడికి ఎన్ని అని. ఆ మార్కులు చూసే పిల్లల మంచిచెడ్డలు తేలుస్తారని వినికిడి. నేనెప్పుడైనా చెన్నైలోనో విశాఖలోనో ఓడ ఎక్కితే (2022 జూన్ నుంచి అక్కడికీ విహార నౌకలు వచ్చిపోతున్నాయి, కాబట్టి మరీ పగటికల కాదు) ఆ కాగితం మీద పేరు పేరునా రాస్తాను. చారులో పులుపు చాలలేదు, ఇది వంటశాలకు. కాఫీకి విడిగా డబ్బు తీసుకుంటామని టిక్కెట్టు కొనేటప్పుడే చెప్పివుండాల్సింది, ఇది కంపెనీకి. గది సర్దిన అబ్బాయికి పూర్తి మార్కులు, బక్షీసు వాడి చేతికే ఇచ్చాను, వాడికి ఒక పూట నిద్ర బాకీ ఉన్నారు, ఇది కూడా కంపెనీకే.