ఊరి వాగు తీర్థము కాదా?

పుష్కరములు వచ్చినపుడు కృష్ణవేణీ తీరమునకు లక్షలాది జనులు తరలివత్తురు. సంకల్పము చెప్పుకొని స్నానమాడి, పసుపుకుంకుమలు సమర్పించి, పితరులకు తర్పణములు విడిచి, చెంబెడు నీరు ఇంటికి కొనిపోవుదురు. గుంటూరు జిల్లా తుళ్లూరు ప్రాంతపు గృహస్థులకు ఆ మహానది చేరువలోనే యున్నది. అయితే ఆ నదిలో కలియు చిన్న వాగొకటి వారి పొలముల నడుమనే పారుచున్నది. దానికి పసుపుకుంకుమలు సమర్పించువారు అరుదు. నదికి చేతులు మోడ్చి, ఆ నదిలోనికే పోవు వాగును చెత్తకు నెలవుగా చేయు భక్తి సంపూర్ణమైన భక్తి యగునా? ఇది ఆస్తికులు ఆలోచింపదగిన ప్రశ్న.

ఆ వాగు పేరు కొండవీటి వాగు. రెడ్డిరాజులకు రాజధానియైన కొండవీటి కొండలలో ఇది పుట్టినది. లాము, తాడికొండ ప్రాంతముల మీదుగా వచ్చి, తుళ్లూరు, మంగళగిరి మండలముల నల్లరేగడి నేలలలో సాగి, దారిలో పాలవాగు వంటి పిల్లవాగులను కలుపుకొని, ఉండవల్లి వద్ద కృష్ణలో లీనమగును. దీని నడక సుమారు 30 కిలోమీటర్లు మాత్రమే. మహాబలేశ్వరమున జన్మించి దాదాపు 1,400 కిలోమీటర్లు ప్రవహించు కృష్ణ యెదుట ఇది యెంత? అయినను ఇది చేరు చోటు సామాన్యమైనది కాదు. ఉండవల్లి గుహాలయమున అనంతపద్మనాభస్వామి ఏకశిలారూపమున శేషశయనుడై యున్నాడు. కొండవీటి మీద పడిన వానచినుకు స్వామి సన్నిధి సమీపముననే నదీమతల్లిని చేరుచున్నది.

వేసవిలో ఈ వాగు అక్కడక్కడ మడుగులుగా మిగిలిపోవును. వానకాలమున కొండలమీది నీరు కొద్ది గంటలలోనే దిగివచ్చును. దిగువ నేల వాలు తక్కువ. రేగడిమన్ను ఒకసారి తడిసినచో నీటిని త్వరగా ఇంకనీయదు. అదే సమయమున ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణ నిండుగా నున్నచో వాగునీటికి నదిలోనికి దారి యుండదు. అపుడు అది వెనుకకు మరలి పొలములపై పరచుకొనును. ఈ ముంపును తగ్గించుటకై 2018లో ఉండవల్లి వద్ద 16 పంపులతో 5,000 క్యూసెక్కుల నీటిని నదిలోనికి ఎత్తిపోయు పథకము ప్రారంభింపబడినది.

ఇట్టి వాగులను ఆశ్రయించి బ్రతుకు ప్రాణులు కొల్లలు. జమ్ము, తుంగ పొదలలో నీటికోళ్ళు గూళ్ళు కట్టును. లకుముకిపిట్ట నిటారైన గట్టున బొరియ త్రవ్వి అందు గ్రుడ్లు పెట్టును. తీతువు బయలు నేలపైననే గ్రుడ్లు పెట్టి, ఎవరైన దరికి వచ్చినచో అరచుచు చుట్టు తిరుగును. తెల్లకొంగలు మేయు పశువుల వెంట నడచుచు పురుగులను ఏరి తినును. కొర్రమీను నీటిపైకి వచ్చి గాలి పీల్చుకొను చేప. అందుచే వేసవిలో నీరు అడుగంటినను బురదలో ప్రాణము నిలుపుకొనగలదు. పిల్లలు కొంత ఎదుగువరకు పెద్దచేపలు వానిని కనిపెట్టి కాచును. తొలకరిగుంటలలో పుట్టిన కప్ప పెరిగి, పైరుపై వ్రాలు పురుగులను భక్షించి రైతునకు తెలియకయే మేలు చేయును. ఈ ప్రాణులకు వేరు తీర్థము లేదు. ఈ వాగే దిక్కు.

శ్రీమద్భాగవతము అష్టమస్కంధమున సత్యవ్రతుని వృత్తాంతము కలదు. ద్రవిడదేశాధిపతియైన ఆ రాజు కృతమాలానదిలో తర్పణము చేయుచుండగా దోసిటిలోనికి చేపపిల్ల యొకటి వచ్చినది. రాజు దానిని నీటితోపాటు నదిలోనికి విడిచెను. పెద్దచేపలు తన్ను మ్రింగునని అది మొరపెట్టుకొనగా జాలిపడి కమండలువులో నుంచుకొనెను. ఆ చేపపిల్లయే మత్స్యమూర్తియైన శ్రీహరి. రాజు మొదట దానిని విడిచినది క్రౌర్యముచే కాదు. తర్పణము ముఖ్యము, చేప అల్పము అని తోచినందుననే. పరమాత్ముడు మాత్రము ఆ అల్పరూపముననే రక్షణ కోరి వచ్చెను. తర్పణము విడుచు ప్రతి గృహస్థుడును స్మరింపదగిన కథ యిది. ప్రాణులయందున్న తన్ను అవమానించి ప్రతిమయందు మాత్రమే పూజించువాని పూజ బూడిదలో వేల్చిన హవిస్సు వంటిదని తృతీయస్కంధమున కపిలభగవానుడు దేవహూతికి బోధించెను.

దీనికి రైతు చెప్పు సమాధానమొకటి కలదు. దానిని త్రోసివేయరాదు. “వాగు పొంగినచో మిరప కుళ్ళును. మందు చల్లనిచో పత్తి పురుగుపాలగును. అప్పిచ్చినవాడు చేపపిల్ల కథ వినడు. మేమేమి చేయగలము?” అని అతడు అడుగును. ఆ మాట సత్యము. కుటుంబపోషణ గృహస్థధర్మము. పంటను విడిచి పస్తుండుమని శాస్త్రము శాసింపలేదు.

కాని అవసరము వేరు, అలక్ష్యము వేరు. పైరును కాచుకొనుటకు మందు చల్లుట అవసరము కావచ్చును. చల్లిన పిదప పంపును, డబ్బాను వాగులో కడుగుట అవసరము కాదు. పత్తికి వాడు పైరిత్రాయిడ్ మందులు కొద్దిపాటి మోతాదులోనే చేపలను చంపునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ముంపు నీటిని పంపులతో తోడుట అవసరము. వాగు గర్భమును ఆక్రమించి, చెత్తతో పూడ్చి, పిదప ముంపు వచ్చినదని వగచుట అలక్ష్యము. వాగునకు ద్వేషము లేదు. పల్లమునకు పోవుట దాని స్వభావము. ఆ దారిని ఇరుకు చేసినచో అది పొలములమీదనే పడును. అనగా వాగుపట్ల చేసిన అపచారము చేపకు, రైతునకు కూడ చేటు తెచ్చును. యాత్రికుడును ఇందుకు వెలుపలివాడు కాడు. పూజానిర్మాల్యమును ప్లాస్టిక్ సంచితోసహా నీటిలోనికి విసరుట అవసరమా?

కాళియుని విషముచే యమునామడుగు పాడైనపుడు పైన ఎగురు పక్షులు సైతము నేలకూలెను. ఆ నీరు త్రాగిన గోవులును, గోపబాలురును సొమ్మసిల్లిరి. శ్రీకృష్ణుడు కాళియుని చంపలేదు; శరణన్నంత విడిచి, మడుగును వీడి రమణకద్వీపమునకు పొమ్మని ఆజ్ఞాపించెను. గోవులును మనుష్యులును ఆ నీటిని అనుభవింపవలెనని స్వామి సంకల్పము. కాళియుడు తన విషమును తెలిసియే మడుగున నుండెను. నేటి గృహస్థుడు తెలియక చేయు విషమును తెలిసిన నాడు మానుకొనుట కష్టము కాదు.

కొండవీటి వాగునకు పుష్కరములు లేవు, స్థలపురాణము లేదు. గట్టున నాలుగు మూరల గడ్డిని దున్నక విడుచుట, మందుడబ్బాను నీటికి దూరముగా కడుగుట, ఇంటిచెత్తను వాగున వేయకుండుట — ఇవియే దానికి జరుపదగిన పూజలు. ఇందుకు ముహూర్తము అక్కరలేదు, దక్షిణ అక్కరలేదు. తన పొలము ప్రక్కనుండి పోవు నీరు రేపు ఉండవల్లి వద్ద అనంతపద్మనాభుని పాదసన్నిధికి చేరునని యెరిగిన భక్తుడు, ఆ నీటిని తాను అందుకొన్నప్పటికంటె మలినముగా సాగనంపడు. అదియు శ్రీహరి కైంకర్యమే.