తల్లిదండ్రుల గౌరవము

తల్లిదండ్రులను గౌరవింపవలెననునది యూదుల పది యాజ్ఞలలో నొకటి. గుంటూరు సీమలో చేబ్రోలు చేరువనున్న కొత్తరెడ్డిపాలెమునందు ఆ మతము నవలంబించు తెలుగువారు కలరు గనుక ఇది మనకు బొత్తిగా పరాయి మాట కాదు. గౌరవమనగా నేమని వారి ప్రాచీన పండితులు విచారించి, అన్నము పెట్టుట, బట్ట కట్టించుట, లోపలికిని వెలుపలికిని నడిపించుట యని తేల్చిరి.

అంతటితో తీరునా? యెరూషలేము తాల్ముదులో నొక కథ కలదు. ఒకడు తండ్రికి బలిసిన కోళ్లను వండిపెట్టుచు, ఇవి యెక్కడివని ముసలివాడడిగినందుకు, కుక్కవలె నోరుమూసుకొని తినుమని కసరెను, నరకమునకు పోయెను. మఱియొకడు తిరుగలి విసరి బ్రదుకువాడు. రాజు విసరువారిని వెట్టికి పిలిపింపగా, అచ్చట తిట్లయినను దెబ్బలైనను తానే పడుదునని, తండ్రిని తన తిరుగలికడ కూర్చుండబెట్టి తాను పోయెను. అతనికి స్వర్గము.

పోచారము చుట్టుపట్ల, కామారెడ్డి ప్రాంతపు పల్లెలనుండి గల్ఫు దేశములకు కూలికి పోయినవారిని, ముసలివారిని విడిచిపోయిరని మేము నిందింపజాలము. వారిలో ననేకులు ఆ తిరుగలివాని తోడివారే. పోషింపని బిడ్డలచేత నెలకు 10,000 రూపాయలకు మించకుండ భరణ మిప్పింప 2007లో వెలసిన చట్టము ఏర్పఱచినది, మంచిదే. కసరుటను మాన్పింపజాలదు.

మఱి యొక సంగతి. పెండ్లియైన స్త్రీ భర్త యధీనమున నుండునని యూదుల శాస్త్రము ఆమెను ఈ సేవనుండి మినహాయించినది. మన యిండ్లలో శాస్త్రము లేకయే ఆ పని జరిగినది. మన చట్టము మాత్రము కొమార్తెను గూడ బిడ్డగానే యెంచినది. గల్ఫుకు పోయినవాని తల్లికి ముద్ద కలిపిపెట్టునది కోడలు, పుణ్యము కొడుకుది. పొరుగూర మంచమెక్కిన తన కన్నతల్లిని చూచుటకు ఆమె యెవరి సెలవు అడుగవలెను?