అంగారకర్మము - నేటి బొగ్గు యంత్రము

వాణిజ్యగ్రామ నివాసియైన ఆనంద శ్రావకుడు భగవాన్ మహావీరుని సన్నిధిని వ్రతములు స్వీకరించిన వృత్తాంతము ఉపాసకదశాంగ సూత్రమునకు మొదటి అధ్యయనము. ఆనందుడు సన్యసింపలేదు. వడ్డీ వ్యాపారము, పశుసంపద, బండ్లు, ఓడలు కల గృహస్థుగనే నిలిచెను. అట్టి గృహస్థునకు వర్జ్యములని చెప్పబడిన పదునైదు కర్మాదానములలో మొట్టమొదటిది అంగారకర్మము, అనగా బొగ్గులు కాల్చి జీవించుట. దాని వెంటనే వచ్చునది వనకర్మము. దిగంబర సంప్రదాయమున పండిత ఆశాధరుని సాగారధర్మామృతమును ఈ క్రూరవృత్తులను ప్రస్తావించినది. హేమచంద్రాచార్యులు యోగశాస్త్రమున కుండలు కాల్చుటను, ఇటుకలు కాల్చుటను, లోహకారుల పనిని గూడ అంగారజీవికలోనే చేర్చిరి.

ఇంత స్పష్టమైన నిషేధము ఉండగా, నేడు కలప అడితులు, కోతమిల్లులు గల శ్రావకుల ముందుకు ఒక యంత్రము వచ్చి నిలిచినది. అదియు బొగ్గు చేయునదే. కాని ఆ బొగ్గు పొయ్యిలోనికి పోదు, పొలములోనికి పోవును. దాని పేరు బయోచార్. దీనిని నెలకొల్పుట పాపమా, పరోపకారమా?

ముందు యంత్రము సంగతి తెలియవలెను. దుంగను కోసినపుడు చెక్కులు, బెరడు, ముక్కలు, రంపపు పొట్టు రూపమున ఇంచుమించు సగము వ్యర్థమగును. దానిని ముక్కలు చేసి, తడి ఆరబెట్టి, గాలి చొరకుండ మూసిన ఇనుప గొట్టములోనికి పంపుదురు. లోపల మరచుట్టు వంటి ఇరుసు తిరుగుచు సరకును ముందుకు నెట్టును. వెలుపలి నుండి వేడి తగిలి లోపల 400 మొదలు 700 డిగ్రీల వరకు కాగును. ప్రాణవాయువు చాలనందున కట్టె మండదు, మాడును. దాని నుండి వెడలు వాయువులను వేరొక గదిలో మండించి, ఆ వేడితోనే గొట్టమును కాచుదురు. కావున మొదట రగిల్చుటకు తప్ప వేరే వంటచెరకు అంతగా అవసరముండదు. ఎండిన కట్టె టన్నునకు సుమారు 250 మొదలు 350 కిలోల బొగ్గు దిగును. కట్టెలోని కర్బనములో దాదాపు సగము అందు నిలుచును. బయట తగులబెట్టిన అదంతయు పొగయై పోవును; మట్టిలో కలిపిన ఈ బొగ్గులో పెద్దభాగము వందల ఏండ్లు చెడక ఉండును. నీటిని పట్టి ఉంచును. ఇసుక నేలలకు మేలు.

స్వీడను దేశపు స్టాక్‌హోమ్ నగరమున 2017లో ఇట్టి కర్మాగారము తెరచిరి. పౌరులు తోటలలో కత్తిరించిన కొమ్మలు తెచ్చి ఇత్తురు. బొగ్గు నగరపు చెట్ల మొదళ్లకును, తోటలకును చేరును. మిగిలిన వేడి ఇండ్లను కాచును.

దీనిని సమర్థించువారు, లోపల మంట లేదు గనుక అగ్నికాయ హింస లేదందురు. ఇది వట్టి మాట. మంట గొట్టములో లేదు, ప్రక్క గదిలో ఉన్నది. కట్టె అచిత్తమే గదా అనువారికి గొంత బలము కలదు. కాని వానలో నెలల తరబడి పడియున్న చెక్కుల గుట్టలో పురుగులు, చెదలు చేరును. ఆ గుట్టను ఎత్తి గొట్టములో వేయుట త్రసజీవుల వధయే. ఏ రోజు చెక్కును ఆ రోజే ఎత్తి పొడిచోట ఆరబెట్టుట యతన. అది యంత్రము చేయదు, యజమాని చేయించవలెను.

అయితే చేయకుండుటయు నిర్దోషము కాదు. భగవతీ సూత్రమున కాలోదాయి ఒక ప్రశ్న వేయును: నిప్పు రగిల్చినవానికా, ఆర్పినవానికా కర్మభారము ఎక్కువ? రగిల్చినవానికే అని సమాధానము. ఆర్పినవాడు అగ్నిజీవులను ఎక్కువగా బాధించినను, రగిల్చినవాని వలన భూమి, నీరు, గాలి, చెట్టుచేమలు, త్రసములు ఎక్కువగా నశించును. అనగా హింసలో తరతమములు కలవు, తూచవలెను. మిల్లు వెనుక రాత్రివేళ గుట్టకు నిప్పు పెట్టించి, తెల్లవారి సామాయికమునకు కూర్చుండువాడు యంత్రము కొనినవాని కంటె ఎట్లు మెరుగు?

చిక్కు వేరొకచోట ఉన్నది. ఈ బొగ్గునకు ఇపుడు రెండు ధరలు. ఒకటి సరకు ధర. రెండవది, గాలి నుండి తీసివేసిన బొగ్గుపులుసు వాయువునకు ఇచ్చు పత్రముల ధర. ఒక టన్ను కర్బనము 3.67 టన్నుల ఆ వాయువునకు సమానము. దూరదేశపు కంపెనీలు ఈ పత్రములు కొని తమ పొగను తమ లెక్కలో కొట్టివేసికొందురు. వర్తకునకు జమాఖర్చుల సర్దుబాటు అలవాటైన విద్య. ఒక ఖాతాలోని జమ మరియొక ఖాతాలోని అప్పును తీర్చును. కర్మఖాతాలో అంత సులభముగా బదిలీ లేదు. ఇచట మట్టికి చేసిన మేలు, అచట పురుగునకు చేసిన కీడును చెరపదు. పత్రము అమ్మినవాడు కొన్నవాని పొగకు అనుమోదకుడగునా అనుటయు ఆలోచింపదగినదే. కృత, కారిత, అనుమోదితములు మూడును లెక్కలోనివే.

ఇక యంత్రపు ఆకలి. ఇది రేయింబవళ్లు తిరిగిననే లాభము. చల్లార్చి మరల రగిల్చుట ఖర్చు. బ్యాంకు వాయిదా నెలనెలకు రాక మానదు. కోత తగ్గి చెక్కులు చాలని నెలలో దళారి వచ్చి, సరుగుడు తోట ఒకటి చవుకగా ఉన్నది, రెండు లారీలు దింపుదునా అని అడుగును. అంతవరకు వ్యర్థమును దిన్న యంత్రము ఆ క్షణమున చెట్టును తినసాగును. అంగారకర్మము, వనకర్మము రెండును ఒకే సంతకముతో ఇంటికి వచ్చును. బొగ్గు పొయ్యికి పోయినను, పొలమునకు పోయినను ఆ చెట్టునకు తేడా లేదు.

కావున కొనదలచిన శ్రావకుడు మిల్లులో మిక్కిలి తక్కువ కోత ఉన్న నెలలో ఎంత చెక్కు పడునో ముందు తూకము వేయించుకొనుట మంచిది. యంత్రము అంతకంటె చిన్నది కావలెను. అమ్మవచ్చినవాడు పెద్దదానికి టన్నుకు ఖర్చు తక్కువ అని చెప్పును, అది నిజమే. మంచి నెలలలో మిగిలిన పొట్టును రైతులు పాదులలో కప్పుటకు తీసికొనిపోవుదురు. కొన్నిచోట్ల బండి కూడ వారే తెచ్చుకొందురు.