తలవ్రాతయు దానిమీది గుర్తులును

మన యిండ్లలో నొకరికి క్యాన్సరు వచ్చినదని తెలిసినతోడనే, మందుల మాటకంటె ముందు నేరవిచారణ మారంభమగును. ఏ జన్మమున నేమి చేసెనో యని యొకరు; ఆ వంశముననే యున్నది, ఆ యింటిపిల్లను చేసికొనరాదని మఱియొకరు. రోగి మంచముమీద నుండగనే తీర్పు వెలువడును. ఈ తీర్పరులకు నేటి శాస్త్రము సాక్ష్యమిచ్చునా యని మేము విచారింపదలచితిమి.

డి.ఎన్.ఏ.లోని అక్షరములు చెడుటయే క్యాన్సరునకు మూలమని పండితులు చిరకాలము తలచిరి. అది యబద్ధము కాదు. కాని 1983లో ఫైన్‌బర్గ్, వోగెల్‌స్టైన్ అను అమెరికా పండితులు, క్యాన్సరు కణములలో కొన్ని జన్యువులపై నుండవలసిన మిథైల్ గుర్తులు తగ్గియుండుట చూపిరి. అక్షరము మారలేదు, దానిని కణము చదువుటయు చదువకుండుటయు మారినవి. పెద్దప్రేగు క్యాన్సరులలో కొన్నింట దీనికి విపర్యయము: డి.ఎన్.ఏ. ప్రతి వ్రాయబడునప్పుడు దొరలు తప్పులను దిద్దు ఎమ్.ఎల్.హెచ్.1 అను జన్యువు, ఒక్క యక్షరమైనను చెడకయే, గుర్తులచే మూతపడిపోవును. అచ్చుకూటమున తప్పులు దిద్దువానిని గదిలో పెట్టి తాళము వేసినట్లు. అటుపిమ్మట తప్పులకు కొదువ యేమి?

ఈ మూతను పరీక్షచేసి కనిపెట్టవచ్చును. అది కనబడినచో ఆ రోగము చాలమట్టుకు వంశమునుండి దిగినది కాదని వైద్యులు గ్రహింతురు. అది లేక, పుట్టుకతోనే యక్షరదోషమున్నదని తేలినచో, తోబుట్టువులను ముందుగా పరీక్షించి కాపాడవచ్చును. ఎట్లు తేలినను ఫలితము రక్షణకొఱకే గాని పెండ్లిసంబంధములు త్రోసివేయుటకు గాదు.

గుర్తులను తుడుచు మందులును గలవు. 1964లో ప్రాగ్ నగరమున తయారైన అజసైటిడిన్, మూలుగకు వచ్చు మైలోడిస్‌ప్లాస్టిక్ వ్యాధులకు 2004లో అమెరికాలో ఆమోదింపబడెను. అది కావలసిన గుర్తును కాని గుర్తును ఏఱి చూడదు. కోయుశక్తి తీసివేయబడిన క్రిస్పర్ కత్తెరయో, కోరినచోటికి పోయి అక్కడి గుర్తునే వ్రాయుటకో తుడుచుటకో తోడ్పడును. 2016లో పలువురు దీనిని కణములలో చేసి చూపిరి. క్యాన్సరు రోగులకు ఇది యింకను సామాన్య చికిత్స కాలేదు.

వ్రాత మారునన్నచో ఊరట కలుగవలసినది. కాని మాకొక భయము గలదు. పసిబిడ్డల మెదడు వెనుకభాగమున పుట్టు ఎపెండిమోమాలో నొక తెగను 2014లో పరీక్షింపగా, పలువురిలో మరలమరల కనబడు అక్షరదోషమేదియు దొరకలేదు. గుర్తులు మాత్రము విపరీతముగా నుండెను. రెండేండ్ల బిడ్డ యే దురలవాటు చేసెను? పూర్వజన్మము నొప్పని చదువరులు సయితము ఇచట తల్లివైపు చూతురు. గర్భమున నున్నప్పుడు ఆమె యేమి తినెనో!

వీరు హాలండు కథను చూపుదురు. 1944-45 శీతకాలమున జర్మను ఆక్రమణదారులు పశ్చిమ హాలండునకు ఆహారము పోకుండ అరికట్టిరి. ఆ కరవున గర్భస్థులైన వారిని అరువదియేండ్లకు పరీక్షింపగా, ఐ.జి.ఎఫ్.2 అను జన్యువుపై గుర్తులు, కరవెఱుగని తోబుట్టువులకంటె తక్కువగా నున్నవని 2008లో ప్రకటించిరి. ఇది క్యాన్సరు తెచ్చెనని వారనలేదు. అనినను, ఆ తల్లులు తినకుండిరా, తిననీయబడకుండిరా? గుర్తు బిడ్డ మేన నున్నది, వ్రాసినచేయి సైన్యముది. మన యిండ్లలో అందఱును తిని లేచినపిమ్మట, గిన్నె యడుగున మిగిలినది తినుచున్న గర్భిణి యేమి తినెనని అడుగువారు, ఆ పంక్తిలో ముందు కూర్చున్నవారే కదా.